థ్రిల్లర్, మిస్టరీ ఆడియోబుక్స్: చదివే గొంతే క్లూ బయటపెట్టేస్తే?

అర్ధరాత్రి_శ్రోత

ప్రేమకథో జీవితచరిత్రో అయితే నేరేటర్ గొంతు బావుంటే చాలావరకు గట్టెక్కేస్తుంది. మిస్టరీకి అది సరిపోదు. హంతకుడెవరో నేరేటర్‌కి ముందే తెలుసు, మనకు తెలియదు. తెలిసిన మనిషి ఆ సంగతి గొంతులో ఎక్కడా పొక్కకుండా పది గంటలు చదవాలి. క్లూని నొక్కి పలకకూడదు, అలాగని మింగెయ్యనూకూడదు. నా దృష్టిలో మిస్టరీ నేరేటర్‌కి ఉండాల్సిన మొదటి లక్షణం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక వాక్యం తీసుకుందాం. "బల్ల మీద కళ్ళజోడు, సగం నీళ్ళున్న గ్లాసు, తాళాలగుత్తి, మడతపెట్టిన పేపరు, మూత లేని పెన్ను ఉన్నాయి." రెండొందల పేజీల తర్వాత కేసు తేలేది ఆ తాళాలగుత్తితోనే అనుకోండి. రచయిత దాన్ని మధ్యలో పెట్టింది కావాలనే. వరసలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, నడిమిది జారిపోతుంది. నేరేటర్ "తాళాలగుత్తి" ముందు అర సెకను ఆగితే రచయిత పడ్డ శ్రమంతా పోయినట్టే. ఐదింటినీ ఒక్క ఊపిరిలో గడగడా లాగించేస్తే ఆ మాట చెవిన పడనే పడదు, చివర్లో రచయిత మోసం చేశాడనిపిస్తుంది. ఐదు వస్తువులకీ సమానమైన బరువు, సమానమైన ఎడం ఇచ్చినవాళ్ళే మంచి నేరేటర్లు.

కొనేముందు ఇది ఎలా కనిపెట్టాలి? స్పీడు పెంచితే ఎంత పోతుంది? ఫుల్ కాస్ట్ (పాత్రకొక గొంతు) మంచిదా, అందరికీ ఒక్క గొంతు మంచిదా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

పేజీ_214

కొనేముందు వినిపించే శాంపిల్ గురించి చెప్తాను. అది కొన్ని నిమిషాలే ఉంటుంది, పైగా ఎక్కువగా మొదటి అధ్యాయంలోదే. మొదటి అధ్యాయంలో వర్ణనే ఎక్కువ, వర్ణన ఎవరు చదివినా బాగానే ఉంటుంది. కాబట్టి సంభాషణ వచ్చేదాకా ఓపిక పట్టండి. ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో మాట్లాడుకునే చోట, "అన్నాడు", "అంది" లేకుండా నాలుగైదు మాటలు వరసగా నడిచినప్పుడు ఎవరు ఏది అన్నారో తెలుస్తోందా? తెలియకపోతే ఆ పుస్తకంలో ఇంటరాగేషన్ సీన్లన్నీ కలగాపులగమే.

రెండో పరీక్ష ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. "తలుపు తియ్యకు," అని గొణిగాడు. ఇలాంటి వాక్యంలో ఎలా అన్నాడన్నది మాట అయిపోయాకే వస్తుంది. నేరేటర్ "తలుపు తియ్యకు" అని అరిచి, ఆ వెంటనే "అని గొణిగాడు" అని చదివితే ముందుగా పుస్తకం చదువుకోకుండా మైకు ముందు కూర్చున్నారన్నమాట. అలాంటివాళ్ళు పాత్రలకు గొంతులు కూడా అప్పటికప్పుడు పెట్టేస్తారు. మూడో అధ్యాయంలో బొంగురు గొంతు ఇచ్చిన మనిషిని ఇరవయ్యోదానిలో రచయిత "సన్నని గొంతువాడు" అంటే చేసేదేం లేదు.

శాంపిల్‌లో సంభాషణే లేకపోతే అదే నేరేటర్ చదివిన ఇంకో క్రైమ్ పుస్తకం శాంపిల్ వినండి. ఆ నేరేటరే చదివిన వ్యక్తిత్వ వికాసం పుస్తకం విని మాత్రం నిర్ణయించుకోవద్దు. ఆ పని వేరు, ఈ పని వేరు.

రెండో_సాక్షి

పాత్రలకు గొంతులు పెట్టడం గురించి. చాలామంది దీన్ని మిమిక్రీ అనుకుంటారు. పదిహేను పాత్రలకు పదిహేను మిమిక్రీ గొంతులు పెడితే ఒక గంట సరదాగా ఉంటుంది, మూడో గంటకు తల నొప్పి పుడుతుంది. అనుభవం ఉన్న నేరేటర్లు గొంతు కంటే నడక మారుస్తారు. ఒకరు వాక్యం చివర తేల్చేస్తారు, ఒకరు దించేస్తారు. ఒకరు ఊపిరి మాట మధ్యలో తీసుకుంటారు, ఒకరు పూర్తయ్యాకే తీసుకుంటారు. ఇన్‌స్పెక్టర్ ప్రశ్నకీ జవాబుకీ మధ్య సందు ఉంచడు, సాక్షి ప్రతిసారీ కాస్త ఆగుతాడు. ఇంతటితోనే మనుషులు వేరైపోతారు. గొంతు స్థాయి (పిచ్) మార్పు ఒక మెట్టు చాలు. మగ నేరేటర్ ఆడపాత్రకు గొంతు పీలగా చేస్తే ఎంత గంభీరమైన సీనైనా తేలిపోతుంది. స్థాయి అలాగే ఉంచి, మాట మెత్తబరిస్తే చాలు.

దీన్నుంచి మిస్టరీకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. కథలో ముఖ్యం కాని మనిషికి నేరేటర్ ప్రత్యేకమైన గొంతు పెట్టాడంటే శ్రోతకు అనుమానం వస్తుంది. రెండో అధ్యాయంలో లిఫ్టులో ఒక్క మాట అని వెళ్ళిపోయిన పక్కింటాయనకు అంత శ్రద్ధగా గొంతు తయారు చేశారంటే ఆయన మళ్ళీ వస్తాడన్నమాటే. అందుకే తెలివైన నేరేటర్ నిజంగా మళ్ళీ రాని చిన్న పాత్రలు ఒకరిద్దరికి కూడా అంతే శ్రద్ధ పెడతాడు.

సీరీస్ అయితే గొంతుల రికార్డు పెట్టుకోవాలి. ప్రతి పాత్రదీ పదిహేను ఇరవై సెకన్ల క్లిప్ ఒక ఫోల్డర్లో దాచుకుని, తర్వాతి పుస్తకం మొదలుపెట్టేముందు వింటారు. కార్మొరన్ స్ట్రైక్ సీరీస్ మొదటినుంచీ రాబర్ట్ గ్లెనిస్టరే చదువుతున్నాడు. డిటెక్టివ్ స్ట్రైక్, అతనితో పనిచేసే రాబిన్ ఏ పుస్తకంలోనైనా పేరు చెప్పకముందే గుర్తుపట్టగలగడానికి అదే కారణం. డిటెక్టివ్ హ్యారీ బాష్ పుస్తకాల్లో మాత్రం గొంతు మారింది. అంతకుముందు కొన్ని లెన్ కారియూ చదివాడు, తర్వాత టీవీలో బాష్ వేషం వేసిన టైటస్ వెలివర్ చదవడం మొదలుపెట్టాడు. వెలివర్ వాక్యం చాలా పొడిగా వదులుతాడు, అలంకారం ఉండదు. ఆ డిటెక్టివ్‌కి అదే సరిపోయింది. అలవాటు పడడానికి ఒక గంట ఇవ్వండి, తొందరపడి తీసిపారేయొద్దు.

నిశ్శబ్దం

టీవీ నటులు చదవడమంటే హ్యూ ఫ్రేజర్‌ని చెప్పాలి. పాయిరో టీవీ సీరీస్‌లో కెప్టెన్ హేస్టింగ్స్ వేసిన ఆయనే అగాథా క్రిస్టీ నవలలు చాలా చదివాడు. అర్ధరాత్రి_శ్రోత గారు చెప్పిన "సమానమైన బరువు" వినాలంటే అక్కడ వినండి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి డిటెక్టివ్ విడమరిచి చెప్పే చివరి సీన్‌లో కూడా కంగారు ఉండదు.

తలుపుచప్పుడు

ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఇంకా ఎవరూ ఎత్తలేదు. హంతకుడి వైపు నుంచి నడిచే చిన్నచిన్న అధ్యాయాలు. పేజీ మీద "నేను కిటికీలోంచి చూస్తున్నాను" అని ఉంటే ఆ "నేను" ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. మన భాషలో "నేను చూశాను" అన్నంతవరకు క్రియ కూడా ఏమీ బయటపెట్టదు. గొంతు పెట్టగానే మాత్రం బయటపడుతుంది.

దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. పుస్తకమంతా ఒక్కరే చదువుతుంటే ఆ అధ్యాయాల్ని మామూలు కథనం గొంతుతోనే, ఏ పాత్రా కాకుండా చదవడం. నాకు ఇదే నచ్చుతుంది. రెండోది గుసగుసగా చదవడం. గుసగుసలో స్వరతంతువులు కంపించవు కాబట్టి ఆడా మగా తేడా చాలావరకు చెరిగిపోతుంది. అయితే మూడు నిమిషాలు దాటితే చెవికి భారం, మాటలు కూడా అందవు. మూడోది ఎఫెక్టు వేసి గొంతు బొంగురు చేయడం, ఫోన్లో బెదిరించేవాడిలాగా. ఇది దయచేసి మానెయ్యాలి. పన్నెండు గంటల పుస్తకంలో పదిసార్లు ఆ ఎఫెక్టు వస్తే భయం పోయి విసుగొస్తుంది.

పేజీ_214

పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఫుల్ కాస్ట్ మిస్టరీకి ప్రమాదం అంటాను. ముసుగు మనిషి ఫోన్ చేస్తాడు. ఒక్క నేరేటరే అయితే ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు, ఎందుకంటే అందరి గొంతూ ఆయనదే. ఫుల్ కాస్ట్‌లో ఆ ఫోన్ చేసిన నటుడిది రెండు అధ్యాయాల క్రితం విన్న డాక్టరు గొంతే అని పట్టేస్తాం. నిర్మాతలు దాచాలని వేరే నటుడితో చెప్పిస్తే అది అబద్ధపు క్లూ, ఇంకా అన్యాయం. పేరున్న నటుడు చిన్న వేషానికి వచ్చాడంటే ఆ వేషం చిన్నది కాదని కూడా ఇట్టే తెలిసిపోతుంది.

స్టీరియో

ఫుల్ కాస్ట్ అని అన్నిటినీ ఒకే గాట కట్టొద్దు. మూడు రకాలున్నాయి, కొనేటప్పుడు చూసుకోవాలి.

ఒక అధ్యాయం ఒకరు, ఇంకో అధ్యాయం ఇంకొకరు చదివితే అది డ్యూయల్. ఆమె అధ్యాయంలో అతని మాటలు వచ్చినా ఆమే చదువుతుంది. ఒకే సీన్‌లో ఆడవాళ్ళ మాటలన్నీ ఒకరు, మగవాళ్ళ మాటలన్నీ ఒకరు పలికితే డ్యూయెట్. శబ్దాలు, సంగీతం, పాత్రకొక నటుడు ఉంటే అది ఆడియో డ్రామా, దానిలో వర్ణన చాలా కోసేస్తారు.

భార్యాభర్తలు తలో అధ్యాయం చెప్పే థ్రిల్లర్‌కి డ్యూయల్‌ని మించింది లేదు. "గాన్ గర్ల్" 2012 ఆడియోలో భార్య వైపు జూలియా వేలన్, భర్త వైపు కర్బీ హేబోర్న్ చదివారు. భర్త చెప్పేటప్పుడు భార్య మాటలు భర్త గొంతులోనే వస్తాయి, అంటే అతనికి ఆమె ఎలా వినిపిస్తుందో అలా. అదే పెళ్ళిని రెండు వైపుల నుంచీ నమ్మలేని స్థితి మనకు గొంతులోనే అందుతుంది. అక్కడ డ్యూయెట్ చేసి ఉంటే ఆ గుణం పోయేది. కాబట్టి పేజీ_214 గారూ, ఎన్ని గొంతులు అన్నది కాదు చూడాల్సింది, ఎవరి తలలోంచి కథ నడుస్తోందో ఆ తలకొక గొంతు ఉందా అన్నది.

పేజీ_214

డ్యూయల్‌తో నాకు పేచీ లేదండీ. నా అభ్యంతరం డ్యూయెట్‌కీ డ్రామాకీ. ఎవరు చేశారో తేలాల్సిన కథకు ఒక్క గొంతే న్యాయం, ఆ మాట మీదే ఉన్నాను. ఎవరు చేశారో మొదటే తెలిసి, దొరుకుతాడా లేదా అని నడిచే థ్రిల్లర్ అయితే డ్రామా బాగానే ఉంటుంది.

గంట_నిమిషం

స్పీడు లెక్క: 12 గంటల పుస్తకం 1.25 దగ్గర 9 గంటల 36 నిమిషాలు, 1.5 దగ్గర 8 గంటలు, 2 దగ్గర 6 గంటలు. చాలామంది 1.0 నుంచి 1.25కి వెళ్తే పావు వంతు ఆదా అనుకుంటారు, అసలు ఆదా ఐదో వంతు.

యాప్‌లు ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు తీసేసి, మిగతావాటి అంచులు ఒకదానిమీద ఒకటి వేసి అతికిస్తాయి. స్థాయి మారకుండా వేగం పెరిగేది అందుకే. 1.25 దాకా అతుకు తెలియదు. 1.5 దాటాక గుసగుసలూ ఊపిరి చప్పుళ్ళూ గరగరలాడతాయి. థ్రిల్లర్‌లో అవే ముఖ్యం కదా. వర్ణన నిదానంగా సాగే పోలీసు విచారణ కథలకు 1.2, 1.25 పెట్టండి. వేటాడే సీన్లు నేరేటరే వేగంగా చదువుతారు, అక్కడికి వచ్చాక 1.0కి దించండి.

"నిశ్శబ్దాలు తీసెయ్" అనే సెట్టింగు మాత్రం మిస్టరీకి ఆఫ్ చేయాల్సిందే. "ఆ రాత్రి మీరు ఎక్కడున్నారు?" అని అడిగాక సాక్షి రెండు సెకన్లు ఆగడమే జవాబు. సెట్టింగు ఆ రెండు సెకన్లనూ మింగేస్తుంది, మనం అతను టక్కున చెప్పాడనుకుంటాం. అలా వినేవాళ్ళు నేరేటర్‌కి నటన రాదని రివ్యూ రాస్తుంటారు.

గదిధ్వని

సౌండ్ సంగతి నేను చెప్తాను. ఆడియోబుక్స్ అమ్మే ఆడిబుల్‌కి పుస్తకాలు పంపే ఏసీఎక్స్ వేదిక కొలతలు ఇవి: సగటు ధ్వని ఆర్‌ఎంఎస్ మైనస్ 23 నుంచి మైనస్ 18 డీబీ మధ్య, పీక్ (అన్నిటికంటే గట్టి చప్పుడు) మైనస్ 3 దాటకూడదు, ఖాళీ గది రొద మైనస్ 60 డీబీ కంటే తక్కువ ఉండాలి. ఫైలు 192 కేబీపీఎస్ లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఎంపీ3, 44.1 కిలోహెర్ట్జ్, ఒక్కో ఫైలు 120 నిమిషాలకు మించకూడదు.

థ్రిల్లర్‌కి ఈ కొలతల్లో ఉండడం కష్టం, ఎందుకంటే ఒకే పేజీలో గుసగుస, అరుపు రెండూ ఉంటాయి. అరుపు పీక్ దాటకుండా కంప్రెసర్‌తో (గట్టి చప్పుళ్ళను తగ్గించే సాధనం) నొక్కి, మొత్తం ధ్వని పైకి ఎత్తుతారు. దాంతో గుసగుసతో పాటు గది రొద కూడా పైకొస్తుంది. ఫ్యాను హోరు లాంటిది సరిగ్గా గుసగుస సీన్లలోనే వినబడుతోందంటే కారణం అదే. తర్వాత రొద తీసే సాఫ్ట్‌వేర్ గట్టిగా వాడితే మాటల చివర్లు నీళ్ళలోంచి వచ్చినట్టుంటాయి. సరైన పద్ధతి రికార్డింగులోనే ఉంది. అరుపుకి నేరేటర్ మైకు నుంచి ఒక జానెడు వెనక్కి జరిగి, మొహం కాస్త పక్కకు తిప్పుతారు. గుసగుసకి దగ్గరికి వస్తారు, కానీ నోటికి ఎదురుగా కాదు. లేకపోతే "ప", "భ" దగ్గర గాలి దెబ్బ తగులుతుంది.

ఇంకొకటి, ఇది మిస్టరీలో బాగా ఇబ్బంది పెడుతుంది. తప్పు చదివిన వాక్యాన్ని వేరే రోజు మళ్ళీ రికార్డు చేసి అతికిస్తారు. మైకు దూరం రెండు అంగుళాలు మారినా ఆ ఒక్క వాక్యం రంగు వేరుగా వినిపిస్తుంది. ఆ వాక్యంలో ఏదో ముఖ్యమైన విషయం ఉందేమోనని శ్రోత చెవులు రిక్కిస్తాడు. రచయిత పెట్టని క్లూ ఎడిటర్ పెట్టినట్టవుతుంది. అందుకే అతుకు వాక్యంతో సరిపెట్టకుండా పేరా మొత్తం మళ్ళీ చదివించాలి.

వినేవాళ్ళు చేసుకోగలిగింది: ప్రయాణంలో వింటే ఈక్వలైజర్‌లో (మంద్ర, తార ధ్వనులను విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగు) 100 హెర్ట్జ్ కింద తగ్గించి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 లేదా 3 డీబీ పెంచండి. హల్లులు స్పష్టమవుతాయి. అంతకుమించి పెంచితే "స", "ష" కోస్తాయి.

కొత్తకేసు

గంటల లెక్క చూసి పుస్తకం కుదించారో లేదో తెలుసుకోవచ్చా?

గంట_నిమిషం

తెలుసుకోవచ్చు. ఇంగ్లీషు నేరేషన్ గంటకు దాదాపు 9,300 పదాలు. 90,000 పదాల నవల తొమ్మిదిన్నర, పది గంటలు రావాలి. మూడు నాలుగు గంటలే ఉందంటే కోసేశారు. తెలుగులో విభక్తులూ క్రియలూ పదానికే అతుక్కుంటాయి కాబట్టి గంటకు పదాలు అంతకంటే చాలా తక్కువ పడతాయి, ఈ లెక్క యథాతథంగా వాడొద్దు. అచ్చు పుస్తకంలో ఒక పేజీ పైకి చదివి టైము చూసి, పేజీల సంఖ్యతో గుణించడం నయం.

మిస్టరీని కుదించినది వినొద్దు. కుదించేవాళ్ళు ముందు తీసేది కథకు అక్కరలేదనిపించే వాక్యాలు. క్లూలు దాచేది సరిగ్గా ఆ వాక్యాల్లోనే. కుదించిన దాంట్లో మిగిలిన ప్రతి వివరం క్లూ అయిపోతుంది, మూడో వంతులోనే హంతకుడు దొరికిపోతాడు.

రెండో_సాక్షి

వెనక్కి తిప్పి చూసుకోలేకపోవడమే ఆడియోకున్న పెద్ద లోటు. మొదటి ముప్పావుగంట కాగితం దగ్గర పెట్టుకుని పేరు, పని, మొదట కనిపించిన అధ్యాయం రాసుకోండి. పది పన్నెండు పేర్లయ్యాక ఆపెయ్యొచ్చు. ఎవరైనా "ఆ టైముకి నేను ఫలానా చోట ఉన్నాను" అన్న ప్రతిచోటా బుక్‌మార్క్ పెట్టి దానికి రెండు మాటల నోట్ తగిలించండి. నోట్ లేని బుక్‌మార్క్ వారం తర్వాత ఎందుకూ పనికిరాదు.

"మూడు నెలల ముందు" లాంటి అధ్యాయం శీర్షిక ఒక సెకనులో దాటిపోతుంది. అయోమయంగా ఉంటే అధ్యాయం మొదటికి వెళ్ళి ఐదు సెకన్లు వినండి, ముందుకు సాగితే తేలుతుందిలే అనుకోవద్దు. నిలకడగల నేరేటర్ శీర్షిక తర్వాత ఒక నిండు సెకను వదులుతారు.

బొమ్మలు, మ్యాపులు ఉన్న కథలకు పీడీఎఫ్ ఇచ్చారేమో చూడండి. కానన్ డాయిల్ 1903లో రాసిన "డాన్సింగ్ మెన్" కథలో సంకేతాలన్నీ గంతులేసే మనిషి బొమ్మలే. వాటిని గొంతుతో చదవడం కుదరదు, బొమ్మలు ముందు పెట్టుకుని వింటేనే హోమ్స్ తర్కం అందుతుంది.

తలుపుచప్పుడు

ఉచితంగా వినాలనుకునేవాళ్ళకు లిబ్రివాక్స్ ఉంది. 2005లో మొదలైంది, కాపీరైటు తీరిన పుస్తకాలను వలంటీర్లు చదువుతారు. అధ్యాయానికొకరు చదివిన రికార్డింగులు చాలా ఉంటాయి. డిటెక్టివ్ కథకు అది ఇబ్బంది, అధ్యాయం మారగానే డిటెక్టివ్ గొంతే మారిపోతుంది. వెతికేటప్పుడు ఒక్కరే చదివిన "సోలో" ఎంచుకోండి. ఒక మినహాయింపు: విల్కీ కాలిన్స్ 1868 నవల "మూన్‌స్టోన్"ను కథలోని వేర్వేరు మనుషులు వంతులవారీగా చెప్తారు. అక్కడ చెప్పే మనిషి మారినప్పుడే గొంతు మారే రికార్డింగు దొరికితే వదలొద్దు.

కొత్తకేసు

ఏఐ గొంతుల సంగతి? ఆడిబుల్‌లో "వర్చువల్ వాయిస్" అని రాసి ఉన్నవి కనిపిస్తున్నాయి.

నిశ్శబ్దం

ఉచ్చారణ బాగా మెరుగుపడింది. మిస్టరీలో లోటు వేరేచోట ఉంది. సమానమైన బరువు అది ఇస్తుంది, నిజమే, కానీ అన్నిటికీ ఒకే బరువు ఇస్తుంది. అబద్ధం చెప్తున్న పాత్ర మాటనూ, వాతావరణ వర్ణననూ ఒకేలా చదువుతుంది. మనిషి నేరేటర్ అబద్ధాన్ని ఆ పాత్ర ఎంత నమ్మకంగా చెప్తుందో అంత నమ్మకంగా చెప్తాడు. రెండోసారి విన్నప్పుడు ఆ నమ్మకం కాస్త ఎక్కువైందని మనకు అర్థమవుతుంది. మళ్ళీ వినాలనిపించేది దానికోసమే.

అర్ధరాత్రి_శ్రోత

అందరికీ ధన్యవాదాలు. తలుపుచప్పుడు గారు చెప్పిన హంతకుడి అధ్యాయాల సంగతి నాకు అన్నిటికంటే పనికొచ్చింది. గుసగుసతో చదివిన పుస్తకాలు ఎందుకు అలసట తెప్పిస్తాయో ఇప్పుడు అర్థమైంది.

నా వంతుగా ఒకటి కలుపుతాను. స్లీప్ టైమర్‌ని నిమిషాల్లో కాకుండా "అధ్యాయం చివర" అని పెట్టండి. థ్రిల్లర్ అధ్యాయాలు చిన్నవి, పది పదిహేను నిమిషాలకు మించవు. నిద్రపట్టినా మర్నాడు ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్తే చాలు. పుస్తకంలో గంటన్నర మాత్రమే మిగిలి ఉంటే మాత్రం ఆ రాత్రి టైమర్ పెట్టి మొదలుపెట్టొద్దు. ముడి విప్పే సీన్ నలభై నిమిషాలు ఏకబిగిన నడుస్తుంది, దాన్ని మధ్యలో తెంపితే అప్పటిదాకా మోసుకొచ్చిన పేర్లూ టైములూ మర్నాటికి సగం ఉండవు.

గంట_నిమిషం

ఆ చివరి గంటన్నరకు స్పీడు కూడా 1.0కి దించెయ్యండి. ఫోన్ రెండు మూడు గంటలు ఆగి మళ్ళీ మొదలైతే 30 సెకన్లు వెనక్కి వెళ్ళే ఆటో రివైండ్ కొన్ని యాప్‌లలో ఉంటుంది, సెట్టింగుల్లో ఆన్ చేసుకోండి.